సర్దారు కాక పెట్టిన పరీక్ష

పోయిన వారం కళ్లు చూపించుకోవడానికి వెళ్లాను. గోడ మీది అక్షరాల పట్టీలో పై నాలుగు వరుసలు కళ్లతో చదివాను. అయిదో వరుస తెలివితో చదివాను. అంటే అందాజుగా చెప్పేశాను. అక్కడి అమ్మాయి "మంచిగున్నది తాతా మీ చూపు" అంటూ కాగితం మీద రాసుకుంది. కుర్చీ దిగి చెప్పులు తొడుక్కుంటుంటే సిగ్గేసింది. ఈ వయసులో నా చూపు భేషుగ్గా ఉందని ఎవరికి రుజువు చేయాలి? వెనక్కి వెళ్లి, "అమ్మా, ఆ వరుస నాకు కనబడలేదు, ఊరికే చెప్పాను" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. నాకు సర్దారు కాక గుర్తుకొచ్చాడు.

ఆయన పేరు రాయను. రాస్తే "ఎవల్ని అడిగి రాసినవ్?" అని ఏ లోకం నుంచైనా లేచివచ్చే రకం. బావి మీద చిన్నా పెద్దా అందరూ బాబాయిని పిలిచినట్టు సర్దారు కాక అనే పిలిచేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

గోదావరిఖనిలో బొగ్గుబావులు కొత్తగా లేస్తున్న కాలం అది. మంథనిలో మెట్రిక్ పాసై, ఆ ఒక్క సర్టిఫికెట్టుతో లోకంలోని శాస్త్రమంతా నా సంచిలో ఉందనుకుంటూ వచ్చి, ల్యాంపు రూములో గుమాస్తాగా చేరాను. బావిలోకి దిగే ప్రతి మనిషికీ కిటికీలోంచి దీపం ఇవ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం నా పని. ఎవరి దీపం తిరిగి రాలేదో వాడింకా లోపలే ఉన్నాడని అర్థం. అందుకని ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాడికి బావి సంగతులన్నీ తెలుస్తాయి. దిగకుండానే తెలుస్తాయి కనుక కొంచెం గర్వం కూడా వస్తుంది.

కాకది కమాన్‌పూర్ పక్క పల్లె. వ్యవసాయం వదిలి బావిలో చేరి, పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకొని, పరీక్ష పాసై సర్దారయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దారు ఒక్కడే ముందు దిగాలి. కర్రతో పైకప్పును తట్టి చూడాలి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, పొర విడిచి ఉంటే డొల్ల మోత వస్తుంది. ఆ తర్వాత చేతిలో సేఫ్టీ ల్యాంపు వత్తిని బాగా తగ్గించి, కప్పు దగ్గరగా ఎత్తి చూడాలి. గ్యాసు ఉంటే ఆ చిన్న మంట మీద పలచటి నీలిరంగు మరో మంట టోపీలా కూర్చుంటుంది. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. నిప్పురవ్వ తగిలితే మాత్రం మనిషి మిగలడు. టోపీ లేదని చూసి, సర్దారు "రాండ్రి" అంటేనే కూలీలు లోపల అడుగు పెడతారు. అది చట్టం. మా బావిలో చట్టం కంటే కాక మాట గట్టిది.

దిగే ముందు అందరి జేబులూ వెతికి బీడీలు, అగ్గిపెట్టెలు తీసి పక్కన పెట్టించడం కూడా సర్దారు పనే. మిగతా సర్దార్లు కూలీల జేబులు వెతికేవాళ్లు. కాక ముందు నా కిటికీ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. "పంతులూ, ముందుగాల నన్ను చూడుండ్రి. ముసలోనికి మతిమరుపు ఉంటది." నేను మొహమాటపడి ఊరికే తట్టి వదిలేస్తే ఒప్పుకునేవాడు కాదు. "బనీను జేబు సుత చూడాలె" అని తనే చూపించేవాడు.

పేపరు మాకు ఒక రోజు ఆలస్యంగా రామగుండం నుంచి బస్సులో వచ్చేది. తను దిగే వేళకు చాలా ముందే కాక వచ్చి, కిటికీ ముందు రాతి గట్టు మీద కూర్చొని, "పంతులూ, ఇయ్యాల శాస్త్రం ఏమన్నది?" అని అడిగేవాడు. రాజకీయాలు చదవబోతే చెయ్యి ఊపేవాడు. "గది వద్దు. గది ఎండకాలం, వానకాలం ఒక్కతీరే ఉంటది." కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. అయ్యాక కర్రతో బండను టకటకా రెండుసార్లు కొట్టేవాడు. వార్త నచ్చకపోతే, "డొల్ల మోత వస్తున్నది పంతులూ" అనేవాడు. ఆ వెంటనే ఆయన ప్రశ్న వచ్చేది: "చూసినోడు చెప్పిండా, విన్నోడు చెప్పిండా?"

చందమామ మీద మనుషులు దిగిన వార్త చదివిన పొద్దు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నేను గొంతు సవరించుకొని, ఆ ఘనతలో నాకూ వాటా ఉన్నట్టు చదివాను. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. కాక ఒక కన్ను తెరిచాడు.

"వాళ్లకంటె ముందుగాల సర్దారు దిగి చూసిండా?"

"అక్కడ సర్దారు ఎక్కడుంటాడు కాకా!"

"మరి పైకప్పు ఎవరు తట్టిండ్రు?"

"అక్కడ పైకప్పు ఉండదు."

"గాలి సంగతేంది? ఆడుతున్నదా?"

"గాలి కూడా లేదట."

"పైకప్పు లేదు, గాలి లేదు, సర్దారు లేడు. గసొంటి బాయిని మూసేస్తరు గని మనుషుల్ని దింపుతరా?" అని అందరి వైపూ చూశాడు. నేను పట్టు వదలకుండా, వాళ్లు అక్కడి నుంచి రాళ్లు కూడా తెచ్చారని చదివాను. "బొగ్గు తెచ్చిండ్రా?" అన్నాడు. లేదన్నాను. "గంత దూరం పోయి ఉత్త రాయి తెచ్చిండ్రా! మా బొగ్గు టబ్బుల నాలుగు రాళ్లు కనవడితే కూలి లెక్కల నుంచి టబ్బే కొట్టేస్తరు కదనే!" అక్కడున్న కూలీలు నవ్వుతూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ రోజు చందమామ మీద మనిషి గెలిచాడేమో గాని, మా ల్యాంపు రూము దగ్గర శాస్త్రం చిత్తుగా ఓడిపోయింది.

ఒకరి గుండె తీసి మరొకరికి పెట్టారన్న వార్తకు ఆయన తన లెక్క తను వేశాడు. "అంటే మొదటి షిఫ్టు చేసిన గుండెతోటి మళ్ల రెండో షిఫ్టు చేపిచ్చుడన్నట్టు. పాపం, దానికి రెస్టు ఎప్పుడు?" అన్నాడు. ఈ మాటను నేను మంథనిలో మా నాన్నకు చెప్తే, పూజలో ఉన్నవాడు కూడా నవ్వాడు.

ఆయన ఏదీ నమ్మడని కొందరు అనుకునేవాళ్లు. అది పొరపాటు. పరీక్ష పెట్టకుండా నమ్మడు, అంతే. రేడియోలో వాన కబుర్లు చెప్తారు కదా, అవి నిజమో కాదో తేల్చాలని ఒక వానాకాలమంతా తన క్వార్టరు గోడ మీద బొగ్గుతో గీతలు గీశాడు. వాన పడుతుందని రేడియో చెప్పిన రోజుకు నిలువుగీత. నిజంగా పడితే దాని మీద అడ్డగీత. గోడ నాశనమైందని ఆయన భార్య నెత్తీనోరూ కొట్టుకుంది. దసరా ముందు నన్ను ఇంటికి పిలిచి ఆ గోడ చూపించాడు. "సగం సగం ఉన్నది పంతులూ. గీ మాత్రం మా ముసల్దాని మోకాలు సుత చెప్తది." నేను నవ్వబోతుంటే వేలెత్తి ఆపాడు. "ఆగుండ్రి. తుఫాను వస్తదని రేడియో రెండొద్దుల ముందే చెప్పింది. మోకాలు చెప్పలే. గది రేడియో గొప్పతనమే. ఒప్పుకోవాలె."

దయ్యాల విషయంలోనూ ఇదే వరస. పాత గ్యాలరీలో, అంటే బొగ్గు తీసేసిన సొరంగంలో, ఎవరో ఈల వేస్తున్నారని కూలీలు అటు పోవడం మానేస్తే, వాళ్లను వెంటబెట్టుకు వెళ్లి, గాలిని మళ్లించే చెక్క తలుపుకు పడిన చీలికను చూపించాడు. దాంట్లో గుడ్డ కుక్కాడు. ఈల ఆగిపోయింది. "దయ్యం నోట్ల గుడ్డ పెట్టిన. ఇగ నడువుండ్రి" అన్నాడు.

పదేళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, బట్టతల వచ్చింది. కాక మీసాలు తెల్లబడ్డాయి. గ్యాసును కొలిచే మిషను మా బావికి వచ్చింది అప్పుడే. టిఫిన్ డబ్బా అంత ఉంది. లోపల బ్యాటరీ, పైన అద్దం కింద ముల్లు. గ్యాసు ఎక్కువైతే ముల్లు ఎర్రగీత దాటుతుంది. దాన్ని తెచ్చిన సేఫ్టీ ఆఫీసరు కుర్రవాడే గాని మర్యాద తెలిసినవాడు. ల్యాంపు రూము ముందు అందరికీ దాని సంగతి వివరించాడు. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి కన్ను లేదు, ముక్కు లేదు. గ్యాసు వచ్చిందని దీనికి ఎవలు చెప్తరు సారూ?"

"మీరే పరీక్షించి చూడండి" అన్నాడు ఆఫీసరు.

"గదీ మాట!" అని కాక నిలబడ్డాడు. "పరీక్ష పెడుదాం. నేను చూసింది సారుకు తెల్వద్దు, డబ్బ చూసింది నాకు తెల్వద్దు. పంతులు నడుమ ఉండి ఇద్దరివీ రాస్తడు. అటెన్క అందరి ముంగట చదువుతడు. ముందుగాల్నే చెవులు కొరుకుడు లేదు."

మెట్రిక్ పాసైన నాకు ఆ ఉపాయం తట్టలేదు. ఆఫీసరు ముఖంలో గౌరవం కనబడింది.

మరునాడు మొదటి షిఫ్టులో దిగాం. పదేళ్ల నౌకరీలో నేను బావిలోకి దిగింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాగితం పలకకు పెట్టుకొని రెండు వరుసలు గీశాను: ఒకటి కాకది, ఒకటి మిషనుది. ఆ జిల్లాలో, అంటే బావిలో కాక చూసుకునే భాగంలో, పనిచేసే పదకొండు మంది కూలీలు దూరంగా గ్యాలరీలు కలిసే చోట కూర్చున్నారు. కాక దగ్గర పని నేర్చుకొని కొత్తగా సర్దారైన ఒక కుర్రవాడు కూడా అక్కడే ఉన్నాడు. కాక ముందు వెళ్లి దీపంతో చూసి, నా చెవిలో చెప్పి వెనక్కి వెళ్లేవాడు. తర్వాత ఆఫీసరు మిషను పట్టుకొచ్చి ముల్లు నాకు చూపించేవాడు. మూడు చోట్ల ఇద్దరిదీ ఒకటే మాట: లేదు.

నాలుగోది ఆ పూట మందుగుండు పేల్చాల్సిన చోటు. పైకప్పులో గుంతలా లోపలికి పోయి ఉంది. కాక దీపం ఎత్తి చూశాడు, దించాడు. "లేదు, రాసుకోండ్రి" అన్నాడు. ఆయన వెళ్లాక ఆఫీసరు మిషను ఎత్తాడు. ముల్లు ఎర్రగీత దాటి నిలబడింది.

అందరి ముందూ చదివాను. నాలుగోది చదవగానే కూలీలు గొల్లుమన్నారు. "డబ్బకు కాక మీద కోపమొచ్చింది" అన్నాడొకడు. ఆఫీసరు తనే తడబడ్డాడు. "కొత్త మిషను కదా, దిగేటప్పుడు దెబ్బ తగిలిందేమో" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. కాక కళ్లు తప్పు చూస్తాయని మాలో ఎవరికీ ఊహకైనా అందలేదు. ఇంకో మాట లేకుండా అందరూ లేచి పనిలోకి పోబోయారు.

నవ్వనివాడు కాక ఒక్కడే. కర్ర అడ్డం పెట్టాడు.

"కూసోండ్రి. రెండిట్ల ఒకటి తప్పు. ఏది తప్పో తెల్వకుంట ఎట్ల పోతరు?" కొత్త సర్దారు వైపు తిరిగాడు. "నీ దీపంతోటి నువ్వు చూసి రా. నాకు చెప్పకు, ఎవ్వలికీ చెప్పకు. పంతులుకే చెప్పు."

ఆ కుర్రవాడితో నేనూ వెళ్లాను. వత్తి తగ్గించి దీపం ఎత్తాడు. నా కళ్లకు కూడా కనబడింది. చిటికెన వేలి గోరంత మంట మీద నీలంగా టోపీ. కుర్రవాడు దీపం దించాడు.

"పంతులూ, ఉన్నది. కాక ముంగట ఎట్ల చెప్పుడు? ఆయననే నాకు చూసుడు నేర్పిండు."

నా మనసులో వచ్చిన దుర్బుద్ధి దాచను. ఇప్పుడు ఏదో వంక చెప్పి పని ఆపించి, కాకకు తర్వాత చాటుగా చెప్తే ఆయన పరువు నిలుస్తుంది కదా అనుకున్నాను. గ్యాసు చూడలేని సర్దారు సర్దారుగా ఉండలేడు. బావిపైన టబ్బుల దగ్గర ఏదో పని ఇస్తారు. ఆయన ముప్పుతిప్పలు పడి అక్షరాలు నేర్చుకొని సంపాదించిన హోదా ఈ కాగితం ముక్కతో పోతుంది. పెన్సిలు కదలలేదు. అంతలో దూరం నుంచి గొంతు వినబడింది.

"గుసగుసలేంది? రాసిండ్రా లేదా పంతులూ?"

రాశాను. వచ్చి చదివాను. "ఉన్నది."

కాక దీపం తీసుకొని మళ్లీ వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు. వత్తి తగ్గించాడు. ఎత్తాడు. మెడ ఒకపక్కకు వంచి చూశాడు, రెండోపక్కకు వంచి చూశాడు. టోపీ నాకు కనబడుతూనే ఉంది. ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి, దాన్ని చూడలేదు. మెల్లగా దీపం దించి, తిరిగొచ్చి అందరి ముందూ నిలబడ్డాడు.

"మిషను తప్పు లేదు. తప్పు నా కన్నుది. ఎవ్వలు లోపలికి పోవద్దు, అందరు ఎనుకకు నడువుండ్రి."

ఎవరూ కదల్లేదు. వాళ్లలో పెద్దవాడు ఒకడు లేచి, "కాకా, పదేండ్ల సంది నీ మాట మీద దిగుతున్నం. గా డబ్బ మాట పట్టుకొని నిన్ను కాదంటమా?" అన్నాడు.

ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "పదేండ్లు నా మాట మీద దిగిండ్రు, బతికిండ్రు. నిన్న ఎట్ల బతికిండ్రో నాకు తెల్వది! ఎన్నొద్దుల నుంచి నాకు కనవడ్తలేదో నాకే ఎరుకలేదు. నడువుండ్రంటే నడువరేంది?"

ఆ మాటతో అందరూ లేచారు. గబగబా వెనక్కి వచ్చేశారు. గాలి అటు మళ్లేలా పరదాలు కట్టించి, గ్యాసు పోయేదాకా అక్కడ పని ఆపారు.

పైకొచ్చాక కాక నా కిటికీ ముందు గట్టు మీద కూర్చొని సర్దార్లు రోజూ రాసే రిపోర్టు పుస్తకం తెరిచాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ రాశాడు: నా కండ్లకు గ్యాసు టోపీ కనవడ్తలేదు. నేను చూసిన జాగలన్నీ మళ్ల చూడాలె. కింద సంతకం చేశాడు. దీపం నా చేతికి ఇచ్చాడు.

మేనేజరు పిలిపించాడు. మంచివాడే. "పుస్తకంలో ఎందుకెక్కించినవ్? నాకు చెప్తే నెమ్మదిగ పైపని ఇచ్చేవాణ్ణి. పేరు నిలిచేది కదా" అన్నాడట. "పేరు నిలిస్తది సారూ, మనుషులు నిలువద్దా? నేను లేదన్న జాగలు ఎన్నున్నయో ఏమో. రాయకపోతే ఎవలు చూస్తరు?" అన్నాడట కాక. రెండు రోజుల పాటు ఆయన జిల్లా అంతా మిషనుతో తిరిగి చూశారు. మరో చోట కూడా గ్యాసు దొరికింది.

నేను ఎందరో చదువుకున్నవాళ్లను చూశాను. లోకాన్ని ప్రశ్నించేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే ప్రశ్నను తన మీద కూడా వేసుకొని, వచ్చిన జవాబును నలుగురిలో చెప్పిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆ మనిషి పనిచేసిన బావిలోనే నేనూ పనిచేశానంటే నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. నేను ఇచ్చిన దీపాన్ని ఆయన మోశాడని చెప్పుకోవడం నాకు దక్కిన గౌరవాల్లో పెద్దది.

మూడో రోజు పొద్దున ఆ పదకొండు మందీ బావిలోకి దిగం అన్నారు. కొత్త సర్దారు మాట మీద, డబ్బా మాట మీద ప్రాణం పెట్టలేమన్నారు. కాక లేకుంటే దిగేది లేదని నా కిటికీ ముందు బైఠాయించారు. ఎవరు పిలిచారో తెలియదు, కాక సద్ది గిన్నెతో వచ్చాడు. అప్పటికే ఆయనకు టబ్బుల దగ్గర రెండో షిఫ్టు వేశారు. ఆ పూట రావలసిన పని లేదు.

"నన్ను నమ్ముతరా?" అని అడిగాడు.

"నమ్ముతం కాకా."

"నేను ఈ డబ్బకు పరీక్ష పెట్టిన. మీ ముంగటనే పెట్టిన. అది పాసయింది, నేను ఫేలైన. నన్ను నమ్మితె గిది సుత నమ్మాలె. లెవ్వుండ్రి."

ఒక్కొక్కరే లేచారు. ఒక్కొక్కరే నా దగ్గర దీపం తీసుకొని దిగారు. కొత్త సర్దారు అంతకుముందే లోపలికి వెళ్లి చూసి వచ్చాడు. కాక గట్టు మీద కూర్చున్నాడు. ఇంటికి పొమ్మన్నాను, పోలేదు. పేపరు నా పక్కనే ఉంది, చదవమని అడగలేదు. బావి నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

షిఫ్టు దిగే సైరన్ కూసింది. నల్లబడిన ముఖాలతో వచ్చి నా కిటికీలో దీపాలు పెడుతుంటే ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పదకొండూ అయ్యాక, చివరగా కొత్త సర్దారు వచ్చాడు.

"కాకా, అంత మంచిగున్నది. మిషను చూసింది, నేను దీపంతోటి సుత చూసిన. గ్యాసు లేదు."

కాక లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రేపు సుత గట్లనే ఇద్దరు చూడుండ్రి" అన్నాడు. పొద్దుటి నుంచి మూత తీయని సద్ది గిన్నెను చేత పట్టుకొని టబ్బుల వైపు డ్యూటీకి నడిచాడు.